సిరా సంతకం కోసం ఎల్లారెడ్డి దాకా

కామారెడ్డి బస్టాండులో ఉదయం ఎనిమిదిన్నరకు ఎల్లారెడ్డి బస్సెక్కాం, నేనూ మా తమ్ముడు రాజేందరూ. ఆడవాళ్ళకు ఉచితం కనుక నాకు సున్నా టికెట్టు, వాడికి మామూలు టికెట్టు. వాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టడానికి ఒకాయనతో గొడవపడాల్సి వచ్చింది.

"ఫుకట్ టికెట్టుకు గింత నోరా అక్కా?" అన్నాడాయన.

"టికెట్టే ఫుకట్, నోరు నాదే. జరుగన్నా" అన్నాను. జరిగాడు.

కిటికీ ఎందుకంటే, రాజేందర్‌కు చూపు పోతోంది. షుగర్‌తో కుడికన్ను ఇదివరకే పోయింది. ఎడమదీ ఎన్నాళ్ళో ఉండదని, చేసేదేమీ లేదని పోయిన వారం కంటి డాక్టరు చీటీ రాసిచ్చాడు. చీటీ నా సంచిలోనే ఉంది. అందులో ఏముందో ఇద్దరికీ తెలుసు.

వాడికి అమెరికా అధ్యక్షుల సంతకాలున్న ఉత్తరాలు పోగుచేయడం పిచ్చి. కామారెడ్డిలో నోటుబుక్కులు, పెన్నులు అమ్ముకుంటూ ఏళ్ళ తరబడి వాళ్ళకు రాశాడు. జవాబులూ వచ్చాయి. ఒకసారి ఒకే అధ్యక్షుడి రెండు ఉత్తరాలను ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుగుకు ఎత్తి చూశాడు. రెండు సంతకాలూ గీతకు గీత కలిశాయి. "మిషిని పెట్టిన సంతకం అక్కా. మనిషి చెయ్యి రెండుసార్లు ఒక్కతీరు గీయదు" అన్నాడు. కొన్నాళ్ళు సరిగా అన్నం తినలేదు. కన్ను పోయేలోగా ఒక్క సిసలైన సిరా సంతకం చూడాలని వాడి ఆశ. "షుగర్ గోలీలు ఎగ్గొట్టేటప్పుడు యాదికి రాలేదా గీ ఆశ?" అని తిట్టాను. తిట్టి, తీసుకొచ్చాను.

ఎల్లారెడ్డిలో ఒక అవ్వ దగ్గర అలాంటి ఉత్తరం ఉందని తెలిసింది. ఆమె భర్త బడిపంతులు, ఇప్పుడు లేడు. ఎప్పుడో అక్కడి అధ్యక్షుణ్ణి ఎవరో కాల్చి చంపినప్పుడు ఆయన సంతాపం రాస్తే, తర్వాత గద్దెనెక్కిన అధ్యక్షుడు తన చేత్తో సంతకం చేసి జవాబిచ్చాడట. ఫోన్లో అడిగితే "ఉన్నది బిడ్డా, రాండ్రి" అంది.

లింగంపేట దగ్గర రోడ్డుపక్కన ధాన్యం ఆరబోసి ఉంది. "అవి వడ్లా, మక్కలా అక్కా?" అని అడిగాడు రాజేందర్. చెప్పాను. పదింటికి దిగి బస్టాండు ఎదురుగా చాయ్ తాగాం. బజ్జీలు నూనె కారుతున్నాయి. వెళ్ళేవాళ్ళు ఇంట్లోనే తిని బయల్దేరండి.

అవ్వ ట్రంకుపెట్టెలోంచి తెల్లగుడ్డ మూట తీసి విప్పింది. రాజేందర్ కాగితాన్ని గడప దగ్గరి వెలుతురులోకి తీసుకెళ్ళి ఎడమకంటికి ఆనించుకున్నాడు. పైన అమెరికా ముద్ర, గద్ద బొమ్మ. కింద టైపు అక్షరాలు. నడిమికి కాగితం చిరిగిపోయి ఉంది.

"సంతకం యాడుందవ్వా?"

"కింది సగం మా అత్త పొయ్యిల ఏసింది బిడ్డా. మా ఆయన చదివి, సచ్చిపోయినాయన గురించి రాసిండు అన్నడు. చావు కబురు ఉత్తరం ఇంట్ల ఉంచుతరా? చదవంగనే చింపాలె గదా. మా అత్త గుంజుకొని చింపింది. గీ సగం ఆయన అంగీల దాసుకున్నడు."

"సగమే అని ఫోన్ల చెప్పద్దా?" నా గొంతు లేచింది.

"ఉన్నదా అన్నవ్, ఉన్నదన్న. సగమా, మొత్తమా అని అడిగినవా?"

అంత గట్టి జవాబు నాకు ఈమధ్య ఎవరూ ఇవ్వలేదు.

రాజేందర్ చిరిగిన అంచు మీద వేలు నడిపించాడు. "సిరా ఏం రంగుండె అవ్వా?"

"నీలం. మా ఆయన రాతకంటె గలీజుగుండె."

వాడు నవ్వాడు. నవ్వుతూనే కాగితం మడవబోయి, పాత మడత దొరక్క తడుముకున్నాడు. అవ్వే వాడి చేయి పట్టి మడిపించింది. తినకుండా పోవద్దంటే పప్పుచారుతో అన్నం తిన్నాం.

తిరుగుబస్సు రెండున్నరకు. ఖాళీగా ఉంది. ఈసారి కిటికీ దగ్గర నన్నే కూర్చోమన్నాడు. ఊరు దాటాక అడిగాడు.

"అక్కా, డాక్టర్ చీటీ సంచిలనే ఉన్నదా?"

"ఉన్నది."

"చదివినం కదా. చింపెయ్."

"గది చావు కబురు కాదురా."

"మరి ఏందక్కా?"

బస్సు కండక్టరు నుంచి కలెక్టరాఫీసు దాకా ఎవరి మాటా పడని నోరు నాది. అయినా చీటీ తీసి చింపాను. చప్పుడు ఆగేదాకా వాడు తల వంచుకునే ఉన్నాడు. ఆ తర్వాత, "బయట ఏమున్నది?" అన్నాడు.

"వడ్లు. కుప్ప చేస్తున్నరు. ఒకామె చీపురు పట్టింది."

"ఏం రంగు చీర?"

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి గంటన్నర దారి. ఎన్నోసార్లు తిరిగినదే. అందులో ఇన్ని ఉన్నాయని ఆ మధ్యాహ్నం ఒక్కొక్కటీ వాడికి చెబుతుంటేనే తెలిసింది.