పట్టపగలు వేసిన ముగ్గు

పోయిన వారం మా అపార్టుమెంటులో ఎదురింటివాళ్ళు గడప ముందు ప్లాస్టిక్ ముగ్గు అంటించారు. తడిగుడ్డతో తుడిచినా చెరగదట, రెండేళ్ళ దాకా దిగుల్లేదట. ఇలాంటివి తిరుపతి అంగళ్ళలో చాలాసార్లు చూశాను గానీ మా గుమ్మం ఎదురుగా రావడం ఇదే మొదలు కాబట్టి, కళ్ళజోడు సర్దుకుని, వంగి, చుక్కలు లెక్కపెట్టాను. పదకొండు చుక్కల మెలికల ముగ్గు. ఒక మూల రెండు మెలికలు కలవవలసిన చోట కలవలేదు. ఆ మాటే పైకి అన్నాను. మా కోడలు నవ్వి, ముగ్గుల్లో తప్పులు పట్టే మామగారిని ఎక్కడా చూడలేదంది. మంచి పిల్లే, ఎగతాళికి అనలేదు. అయినా ఆ నవ్వుకు ఒక జవాబు బాకీ పడ్డట్టనిపించి ఇది రాస్తున్నాను. నా ఈడు మగవాళ్ళు చదివితే కొందరైనా లోలోపల తల ఊపుతారని నా నమ్మకం.

డెబ్బైల చివర మేము చిత్తూరులో ఉండేవాళ్ళం. మా నాయనకు బెల్లం మండీ ఉండేది. నాకు అప్పుడు పదిహేడేళ్ళు. ఇంటర్మీడియట్ లెక్కల్లో తప్పి, మళ్ళీ పరీక్షలు వచ్చేదాకా ఏ పనీ లేకుండా ఇంట్లో తిరుగుతున్నాను. నాకంటే రెండేళ్ళు పెద్దదైన అక్కకు ఆ ఏడే తిరుపతిలో టీచర్ ట్రైనింగుకు సీటు వచ్చింది. మా వంశంలో ఆడపిల్ల హాస్టల్లో ఉండి చదవడం అంతవరకూ లేదు. అలాగని నాయనకు చదువు మీద కోపమేమీ లేదు, అక్క పుస్తకాలకు చిన్నప్పటి నుంచీ అట్టలు వేసింది ఆయనే. ఆయన దిగులంతా ఇల్లు ఎలా గడుస్తుందని. అమ్మకు కీళ్ళవాతం. వేళ్ళు వాచిపోయి తడిబట్ట పిండలేదు, బిందె ఎత్తలేదు, చీపురు గట్టిగా పట్టుకోలేదు. నాలుగేళ్ళుగా ఇంటి పనంతా అక్క చేతుల మీదే నడుస్తోంది. ఆ అక్క వెళ్ళిపోతే ఎవరు చేస్తారన్న ప్రశ్న దగ్గర సీటు వచ్చిన కాగితం వారం రోజులు గూట్లోనే ఉండిపోయింది.

నేను చేస్తానన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు నిజాయితీగా చెప్పాలంటే, అందులో అక్క మీద ప్రేమ సగం, పరీక్ష తప్పిన సిగ్గు సగం. ఇంట్లో దేనికో ఒకదానికి పనికొస్తానని అనిపించుకోవాలని ఉండేది. నాయన మొదట నవ్వాడు, తర్వాత నేను నవ్వడం లేదని చూసి రెండు షరతులు పెట్టాడు. ఒకటి, ఇంట్లో ఏ పనికి లోటు వచ్చినా ఆ రోజే బస్సెక్కి పోయి అక్కను తీసుకొచ్చేస్తాడు. రెండు, నీళ్ళు మొయ్యి, వంట చెయ్యి, ఏమైనా చెయ్యి గానీ, వాకిట్లో ముగ్గు మాత్రం ఎట్లాగో అమ్మే వెయ్యాలి, మగపిల్లవాడు ముగ్గేస్తే బజారులో తను తలెత్తుకోలేడు. రెండింటికీ సరేనన్నాను. అక్క ట్రంకుపెట్టె తీసుకుని బస్సెక్కింది. పూతలపట్టు దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నానని తర్వాత ఉత్తరంలో రాసింది.

మొదటి నెల నేను పడిన పాట్లు ఇప్పుడు చెప్పుకుంటే నవ్వులాట. తెల్లవారుజామున వీధి కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడితే, వరుసలో ఉన్న ఒక పెద్దావిడ రోజూ "కొత్తకోడలు వచ్చింది, దోవ ఇడవండమ్మా" అని పెద్దగా అనేది, అందరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల మధ్యనే రోజూ నాకు మొదటి బిందె దొరికేది కాబట్టి నేనేమీ అనేవాణ్ణి కాను. సంగటి కెలికితే ఉండలు కట్టేది, పచ్చడికని ఊరిబిండి నూరితే వేరుశనగపప్పులు సగం నలిగీ సగం నలగకా పంటికి తగిలేవి. నాయన మాట్లాడకుండా తినేవాడు, అది తిట్టడం కంటే కష్టంగా ఉండేది. అమ్మ వంటింటి గడప మీద కూర్చుని, వాచిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు ఎప్పుడు ఎసరు వస్తాయో, పిండి ఎప్పుడు పొయ్యాలో, తెడ్డు ఏ వైపు తిప్పాలో చెప్పేది. విసుక్కునేది కాదు. నేనే విసుక్కునేవాణ్ణి. తెడ్డు విసిరికొట్టి పెరట్లోకి పోయిన రోజులున్నాయి. అయితే పెరట్లో నిలబడగానే అక్క ట్రంకుపెట్టె గుర్తొచ్చేది, మళ్ళీ లోపలికి వచ్చేవాణ్ణి.

ఎప్పుడు మారిందో తేదీ చెప్పలేను. ఒకరోజు చింతపండు పిప్పితో ఇత్తడి బిందె తోముతుంటే, నల్లటి మడ్డి కిందనుంచి అసలు రంగు ఒక వేలెడంత బయటపడింది. ఆ వేలెడంతా రెండు వేళ్ళయింది, జానెడయింది. అన్నం వేళ దాటిపోయినా లేవబుద్ధి కాలేదు. లెక్కల పుస్తకంలో ఎంత కుస్తీ పట్టినా నాకు దొరకనిది అక్కడ దొరికింది, నేను చేసిన పని నా కళ్ళముందు కనబడింది. ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చింది. రుబ్బురోట్లో పిండి మెత్తబడే కొద్దీ చప్పుడు మారుతుందని కనిపెట్టాను. కసువు ఊడ్చేటప్పుడు గాలికి ఎదురుపోకూడదని తెలుసుకున్నాను. ఒకనాటి మధ్యాహ్నం సంగటి గిన్నెను వదిలి నున్నగా ముద్దగా వచ్చేసింది. నాయన రెండో ముద్ద అడిగాడు. ఆ రోజు నాకు పరీక్ష పాసైనంత సంతోషమైంది, కానీ ఎవరికీ చెప్పలేదు. పని చేయడం వేరు, చేస్తుంటే బాగుందని చెప్పడం వేరు, రెండోది మగవాడి నోట వస్తే ఊరుకోరని ఎవరూ చెప్పకుండానే నాకు తెలుసు.

ఇక ముగ్గు సంగతి. షరతు ప్రకారం అమ్మే వెయ్యాలి. మొదటిరోజే అమ్మ వేళ్ళ మధ్య పిండి నిలవలేదు, కుప్పగా జారిపోయింది. ముగ్గు లేకపోతే లోటు, నేను వేస్తే తప్పు. అమ్మ నా మొహం చూసింది, నేను అమ్మ మొహం చూశాను, అంతే, మాట అనుకోకుండానే ఒప్పందం కుదిరిపోయింది. నాయన నిద్రలేవకముందే నేను కల్లాపి చల్లి ముగ్గు వేసేవాణ్ణి, అమ్మ వాకిలి పక్కనున్న తిన్నె మీద కూర్చుని మెల్లగా చెప్పేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జారుతుంటే చెయ్యి ఆగకూడదు, ఆగితే గీత బొద్దుగా పడుతుంది. నెల తిరిగేసరికి అమ్మకు కూడా తెలియని ముగ్గులు కొళాయి దగ్గరి ఆ పెద్దావిడను అడిగి నేర్చుకున్నాను. వాకిట్లో చెయ్యి నడుస్తున్నంతసేపూ నాకు మరే ఆలోచనా ఉండేది కాదు. నాయన రోజూ వాటిని దాటుకుంటూ మండీకి పోయేవాడు, ఇంత నొప్పిలోనూ మీ అమ్మ ముగ్గు తప్పదురా అనేవాడు.

అలా ఐదు నెలలు గడిచాక మా తాత తద్దినం వచ్చింది. దానికి ముందురోజే మా అవ్వ, అంటే నాయనకు తల్లి, పల్లెలో చిన్నాయన ఇంటి నుంచి వచ్చింది. తెల్లవారకముందే అవ్వా అమ్మా తలకు పోసుకుని తడిబట్టలతో వంటింట్లోకి పోయారు. అమ్మ తిన్నె మీదికి రాని ఉదయం అదొక్కటే. విశేషమైన రోజు కదా అని నేను వాకిలంతా నిండేలా పెద్ద ముగ్గు వేశాను. అంత పెద్దది అంతకుముందు ఎన్నడూ వేయలేదు.

తద్దినం రోజు కార్యం ముగిసేదాకా వాకిట్లో ముగ్గు వేయరు. ముగ్గుంటే పితృదేవతలు గడప దాటరని అంటారు. మా ఇళ్ళల్లో ఏ ఆడపిల్లను అడిగినా చెబుతుంది, చెప్పించుకోవలసిన అవసరం లేకుండానే వాళ్ళకు తెలిసిపోతుంది. నాకు తెలియదు. తద్దినం పెట్టించే అయ్యవారు వచ్చి, వాకిట్లోనే ఆగిపోయి, ఈ రోజు ముగ్గేమిటని అడిగినప్పుడే నాకా సంగతి తెలిసింది. నాయన లోపలికి తిరిగి అమ్మను గట్టిగా కేకేశాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, చూసి, తల వంచుకుంది. తనే వేశానని చెప్పబోతోందని నాకర్థమైంది. ముందే నేను చెప్పేశాను. ఈ ఒక్కరోజే కాదు, ఐదు నెలలుగా నేనే వేస్తున్నానని కూడా చెప్పాను.

నాయన కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను అప్పుడే చూశాను. కోపం కంటే బాధే ఎక్కువ. ఏడాదికి ఒక్కరోజు వచ్చే మనిషిని వాకిట్లోంచే పంపేశామే అన్నాడు. తర్వాత, ఇక చాలు, రేపు పొద్దున్నే పోయి పిల్లను తీసుకొస్తానన్నాడు. అక్క అప్పటికి సగం చదువులో ఉంది.

అవ్వ చెంబుతో నీళ్ళు, చీపురు తీసుకుని మమ్మల్నందరినీ పక్కకు తోసుకుంటూ వాకిట్లోకి దిగింది. తాత పోయిన నాటి నుంచీ ఆమె వాకిట్లో చీపురు పట్టింది లేదు. నీళ్ళు చల్లి, ముగ్గు ఊడ్చేసి, నడుము పట్టుకుని నిలబడి నాయన వైపు చూసింది.

"మీ నాయన యాడికీ పోయిండడులే, తిన్నె మీదనే కూసోనుంటాడు. తుడిసినా గదా, ఇంగ లోపలికి వస్తాడు. సరే గానీ అరిటాకులకని పొద్దున ఒకతూరి, అయ్యోరి కోసరమని ఒకతూరి ఈ ముగ్గు దాటుకోని పోతివే, నీకు తెల్లేదా? నీ నాయన దినమే గదరా!"

నాయనకూ తెలియదు. యాభై ఏళ్ళు ఆ ఇంటి వాకిలి దాటినవాడు, ఆ వాకిట్లో ఏ రోజు ఏముంటుందో ఏముండదో ఎప్పుడూ చూడలేదు.

"వాడు నేర్సుకుంటా ఉండాడు, ఇదీ నేర్సుకుంటాడు. పిల్లను మాత్రం పిల్చుకోనొచ్చినావంటే, ఈ ఇంట్లో నేను ఇంగ మీ నాయన దినం బువ్వ తినను" అని చెంబు నా చేతికిచ్చి లోపలికి పోయింది.

కార్యం ముగిసేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. భోజనాలయ్యాక అవ్వ నన్ను పిలిచి, ఇప్పుడు ముగ్గు పెట్టాలి, పెట్టు అంది. వీధిలో ఎండ, ఎదురుగా టీ అంగడి, బెంచీ నిండా మగవాళ్ళు, వాళ్ళలో సగంమంది నాయన మండీకి వచ్చిపోయేవాళ్ళు. తెల్లవారుజామున ఎవరూ చూడకుండా వేయడం ఒకటి, ఇది ఒకటి. పిండి డబ్బా పట్టుకుని గడప దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. వేస్తే అక్క అక్కడే ఉంటుంది, వేయకపోతే సిగ్గుపడి వదిలేసిన పని కింద లెక్క. దిగాను. మొదటి వరుస చుక్కలు వంకరపోయాయి. ఎవరో ఈల వేశారు, ఎవరో కొత్తకోడలన్నారు. రెండో వరుసకు చెయ్యి కుదురుకుంది. గీత మొదలయ్యాక వాళ్ళ మాటలు వినబడడం మానేశాయి, నాకు ఎప్పుడూ కలిగే ఆ సుఖం అంత ఎండలోనూ, అంతమంది ముందూ నిక్షేపంగా వచ్చింది. ఆఖరి మెలిక కలిపి లేచేసరికి నాయన కండువా వేసుకుని గడపలో ఉన్నాడు. మండీకి బయలుదేరినట్టున్నాడు. ముగ్గును చూశాడు, టీ అంగడిని చూశాడు. తర్వాత రోజూలా దాటుకుంటూ పోకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ పక్కగా ఒదిగి, గీత తొక్కకుండా చుట్టూ తిరిగి పోయాడు.

అక్క చదువు పూర్తి చేసింది, టీచరైంది, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. ఏ పెళ్ళిలో కలిసినా పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, తన కోసం తమ్ముడు పడిన కష్టం చెప్పి కన్నీళ్ళు పెట్టుకునేది. నేను పెద్దమనిషిలా తల వంచుకుని వినేవాణ్ణి. నలభై ఏళ్ళ పైన ఆ పొగడ్త మింగాను. కిందటేడు మాత్రం ఉండబట్టలేక, నేను కష్టపడిందేమీ లేదక్కా, ఆ పనులు నాకు నచ్చాయి, చెప్పడానికి సిగ్గేసింది అని చెప్పేశాను. అక్క "నాకైతే ఒక్కరోజన్నా నచ్చలేదురా. చీపురు పట్టుకున్న ప్రతిరోజూ ఏడుపొచ్చేది, ఆడపిల్లను గదా, ఎవురికి చెప్పేది?" అంది. ఇద్దరం నవ్వాం. ఒకే ఇంట్లో, అవే పనుల దగ్గర, ఇష్టమైనవాడు ఇష్టమని చెప్పలేక, ఇష్టం లేనిది లేదని చెప్పలేక గడిపేశాం. ఇప్పటి మగపిల్లలు వంట చేసి ఫొటోలు పెట్టుకుంటున్నారు, ఆడపిల్లలు తమకు చేతకాదని నిర్భయంగా చెబుతున్నారు. చూస్తుంటే నాకు సంతోషంగానే ఉంది, కాస్త అసూయగానూ ఉంది.

నవ్వు ఆగాక అక్క ఉన్నట్టుండి, మరి అమ్మకో అంది. ఆ చేతులు వాయకముందు ఇరవై ఏళ్ళు ఆ పనులన్నీ చేసిన మనిషికి అవి నచ్చేవా, లేదా? నాకు ప్రతి పనీ నేర్పింది, ఎలా చెయ్యాలో అన్నీ అడిగాను. ఆ ఒక్కటీ నేనూ అడగలేదు, అక్కా అడగలేదు.