మొలవని కుంచెడు వడ్లు

నలభై ఏళ్లుగా ఈ మాట నా గొంతు దగ్గరే ఆగిపోతోంది. బిడ్డలకు చెప్పలేదు, కట్టుకున్నవాడికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను.

సిద్దిపేట పక్కన మా పల్లెలో అందరికంటే ముందు కోతకు వచ్చే వడ్లు నా ఇంట్లోనే ఉండేవి. పుట్టింటి నుంచి ఒడిలో తెచ్చుకున్న విత్తనం. మృగశిర కార్తెలో చల్లితే భాద్రపదంలో కోసేదాన్ని. నిజాం కాలం, సర్కారు వాళ్లు లెవీ కింద గింజలు కొలుచుకుపోయే రోజులు. కలుపు పనులు అయిపోయి, పెద్ద కోతలు ఇంకా రాక, కూలివాళ్ల ఇళ్లలో పొయ్యి రాజని ఆ నెలల్లో నా వాకిట్లో కొత్త బియ్యపు గంజి కాగేది. ఊరంతా నన్ను చల్లని తల్లి అనేది. గర్వమా? ఉండేది. ఇప్పటికీ ఉంది, దాచను.

మా పొలంలో నాట్లేసే మల్లవ్వకు ఇద్దరు పసిపిల్లలు. చెరువు కింద ఆమెకు ఇంత మడి ముక్క దొరికింది. ఆ ఏడు కూలి గింజలకు బదులు కుంచెడు విత్తనం ఇమ్మని అడిగింది. ఆ కరువు నెలల్లో తన పిల్లలు తన వడ్లే తినాలని ఆమె ఆశ. ఇస్తానన్నాను. ఇంట్లోకి వెళ్లాక నా బుర్రను ఏ పురుగు తొలిచిందో. ఆమెకూ ముందే పంట వస్తే, రేపు అందరికీ వస్తే, నా వాకిట్లో ఎవరు నిలబడతారు? వడ్లను మరిగే ఎసట్లో ముంచి తీసి, నీడన ఆరబెట్టి, నవ్వుతూ ఆమె కొంగులో పోశాను.

పది రోజులకు వచ్చింది.

"పటేలమ్మా, నీ ఇత్తునాలది తప్పు లేదు. నా చెయ్యే మంచిది గాదు. ఒక్క గింజ మొలువలే."

"ఏం జేస్తవ్ మల్లవ్వా, వచ్చే యేడు సూద్దాం తియ్," అన్నాను.

అప్పుడైనా నిజం చెప్పి వేరే గింజలు ఇవ్వొచ్చు కదా? అదను ఇంకా దాటలేదు. ఇవ్వలేదు. ఆ భాద్రపదంలో ఆమె పిల్లలు తుమ్మికూర ఉడికించిన నీళ్లు తాగి, నా గంజి కోసం వరుసలో నిలబడ్డారు. వాళ్లకు ఒక గంటె ఎక్కువే పోశాను. అదీ నా గొప్పే అనుకున్నాను.

అంతకుముందు ఎవరి మడిలోనైనా మొదటి నారు మల్లవ్వ చేతనే పెట్టించేవాళ్లు, ఆమె చెయ్యి మంచిదని. ఆ తర్వాత పిలిచినా వచ్చేది కాదు. మొన్న పోయింది. చివరిదాకా విత్తనం ముట్టుకోలేదు.

ఎవరో క్షమించాలని ఇది రాయడం లేదు. చెప్పేశాను, గుండె కొంచెం తేలికైంది, అంతే. మల్లవ్వ చెయ్యి మంచిదే. ఆ గింజల్ని ఎసట్లో ముంచింది నా చెయ్యి.