పసుపు పట్టిన ఇంజిన్

మొన్న మా స్పేర్ పార్టుల కొట్లో కూలెంట్ డబ్బా ఒకటి మూత వదులై అరంతా కారింది. ఇంజిన్ వేడెక్కకుండా రేడియేటర్‌లో పోసే ఆకుపచ్చటి నీళ్లు అవి. తుడుస్తుంటే ఆ తియ్యటి వాసన ముక్కుకు తగిలింది. బెల్లం పాకం వాసనలాగే ఉంటుంది కాని నోరు ఊరదు. గుడ్డ అక్కడే పడేసి బయట మెట్టు మీద కూర్చున్నాను. పక్కనున్న రేకుల షెడ్డుకు తాళం పడి ఏళ్లయింది. అయినా ఆ వాసన వస్తే చాలు, లోపలి నుంచి సమ్మన్న "చెల్లె, జర ఇటు రా, గీ పొగ వాసన చూడు" అని పిలిచినట్టే ఉంటుంది. పోయినవాళ్లు ఎక్కడ పిలుస్తారు, నా పిచ్చి కాకపోతే!

సమ్మన్న మీకు తెలియడు. నది ఒడ్డునున్న మా సిరొంచలో జీపులు బాగుచేసేవాడు. వయసులో ఉన్నప్పుడు కోయంబత్తూరులో పందెం కార్ల షెడ్డులో పనిచేశాడు. అక్కడ ఇంజిన్లు కట్టడంలో మంచి పేరే తెచ్చుకున్నాడు. తల్లికి పక్షవాతం వస్తే చూసుకోవడానికి వచ్చాడు. తల్లి పోయింది, ఇతను ఇక్కడే ఉండిపోయాడు. రేవు దగ్గరికి మనుషుల్ని మోసే డొక్కు జీపుల కింద పడుకుని, ఊడిరాని బోల్టులను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. నీళ్లు తగ్గుతున్నాయని ఎవరు వచ్చినా ఒకటే మాట. "ముందుగాల నీళ్లు యాడికి పోతున్నయో చూడు. పోసుడు తర్వాత." అంత చెప్పిన మనిషి ఒక్కసారి చూడకుండా పోశాడు. అది నా కోసం.

నాకు తొలి కాన్పు. మా ఆయన భామ్రాగడ్‌లో రోడ్డు పనికి మేస్త్రీ, మేమప్పుడు అక్కడే ఉండేవాళ్లం. వానాకాలంలో నెల ముందే నొప్పులు మొదలయ్యాయి. ఆ రోజు వాన కాస్త తెరిపిచ్చి వాగు దిగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఊరు దాటడమే గగనం. సిరొంచ నుంచి సరుకు దింపడానికి వచ్చిన కిరాయి జీపు ఒక్కటే దొరికింది. ఆ రోజు దాన్ని నడుపుతున్నది సమ్మన్న. అహేరి ఆస్పత్రికని నేనూ మా అత్తా బయల్దేరాం. నడి అడవిలో ఇంజిన్ ఉడికిపోయి బండి ఆగింది. రేడియేటర్‌లో ఆవిరి తప్ప నీళ్లు లేవు. మా అత్త శాపనార్థాలు లంకించుకుంది. సమ్మన్న దగ్గరున్న గోండుల ఇళ్లకు ఉరికి, బిందెడు నీళ్లూ దొన్నెడు పసుపూ తెచ్చి, కలిపి పోసేశాడు.

"రేడియేటర్ కారుతాంది చెల్లె. పసుపు పోయి పొక్కలల్ల ఇరుక్కుంటది. అహేరి దాక ఏం గాదు. పానం గట్టిగ పట్టుకో" అన్నాడు. అడవి దారుల్లో మా డ్రైవర్లందరూ చేసే పనే అది. బండి కదిలింది. నేను బతికాను. బిడ్డ కడుపులోనే పోయింది. ఇంకాస్త ఆలస్యమైతే నువ్వూ దక్కేదానివి కాదని డాక్టరమ్మ అంది. ఆ మాటకు సంతోషపడాలో ఏడవాలో నాకు ఈనాటికీ తెలియదు.

తర్వాత మేము సిరొంచకు వచ్చి సమ్మన్న షెడ్డు పక్కనే అద్దెకు దిగాం. నేను పొద్దస్తమానం గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. ఏడవకు అని చెప్పని మనిషి లేడు. సమ్మన్న ఒక్కడే అలా అనలేదు. ఒకరోజు గోనెసంచి నిండా జిడ్డు పట్టిన పాత సామాను తెచ్చి నా ముందు కుమ్మరించాడు. "ఏడువు చెల్లె. ఏడ్చుకుంటనే వీటిని తుడువు" అన్నాడు. ఒళ్లు మండింది. అయినా తుడిచాను. ఏది ఏ బండిదో, ఏది ఎందుకు అరిగిందో అడగడం మొదలుపెట్టాను. ఈ స్పేర్ పార్టుల కొట్టు అలా పుట్టిందే. నన్ను మనుషుల్లో పడేసింది ఆయన.

కొన్నేళ్ల తర్వాత ఆయనకూ ఒక పిలుపు వచ్చింది. కోయంబత్తూరు రోజుల్లో ఎరిగిన నాగపూర్ సారు ఒకాయన, మట్టి దారుల పందేల్లో తానే బండి నడిపేవాడు, తన పందెం జీపును లారీ మీద పంపాడు. దాని ఇంజిన్ బ్లాకు, అంటే సిలిండర్లుండే మొండెం, ముక్కలైపోయింది. మళ్లీ కట్టి ఇస్తే, పందెంలో అది నిలబడితే, సమ్మన్నను తన షెడ్డుకు పెద్ద మిస్త్రీగా తీసుకుపోతానన్నాడు. ఆ మాటతో మనిషే మారిపోయాడు. రోజూ గడ్డం గీసుకునేవాడు. బోల్టులను తిట్టడం కూడా మరిచిపోయాడు. "ఇగ నేను పోతె నువ్వు ఎవలితోటి కొట్లాడుతవే?" అని నన్ను ఆటపట్టించేవాడు.

ఆ పాత మోడలుకు కొత్త బ్లాకు ఎక్కడా దొరకలేదు. చివరికి నాగేపల్లిలో పాత సామాను దుకాణం నుంచి ఒకటి మోసుకొచ్చాడు. బోల్టు పట్టే దాని చెవి ఒకటి విరిగితే ఎప్పుడో తానే ఇత్తడితో అతికించాడట, ఆ అతుకు చూపించాడు.

"గుర్తుపట్టినవా? నిన్ను భామ్రాగడ్‌ నుంచి మోసుకొచ్చింది గిదే. గంత ఎండిపోయి గూడ గుంజింది సూడు. గిసొంటి గట్టి బ్లాకు ఇంకోటి దొరకది."

నేను దాని మీద చెయ్యి వేశాను. కళ్లు తడిశాయి. దాన్ని చంద్రపూర్ పంపి, మందు తొట్టిలో ముంచి, లోపలి తుప్పూ మడ్డీ అంతా కడిగించాడు. సిలిండర్లు లోపల నున్నగా కోయించి, కొత్త పిస్టన్లు వేసి, ఒక్కో బోల్టూ తానే బిగించాడు. ఇంజిన్ మొదటిసారి గొంతెత్తినప్పుడు బజారంతా వచ్చి చూసింది. సమ్మన్న మాత్రం మొహం గోడకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు రేడియేటర్‌లో కూలెంట్ తగ్గింది. బండి కింద నేల పొడిగా ఉంది. పైపులు పొడిగా ఉన్నాయి. వెనక గొట్టం నుంచి తెల్లటి పొగ వస్తుంటే నన్ను పిలిచాడు. తియ్యటి వాసన. "నీళ్లను లోపలనే తాగుతాంది" అన్నాడు, మెల్లగా. సిలిండర్ల మీద మూతలా ఉండే తల విప్పి, దాని కింద సందు మూసే గాస్కెట్ మార్చాడు. మళ్లీ తగ్గింది. తలను సాపు చేయించి తెచ్చాడు. మళ్లీ అదే. జీపును తీసుకెళ్లే రోజు దగ్గరపడుతోంది. ఆయన అన్నం మానేశాడు. నేను గిన్నె తీసుకెళితే, "అక్కడ పెట్టు" అనేవాడు. సాయంత్రానికి గిన్నె అలాగే ఉండేది.

చివరికి తల మళ్లీ విప్పి, బ్లాకు మీద నీళ్ల దారులన్నీ పలకతో మూసి, నీళ్లు నింపి, సైకిల్ పంపుతో గాలి కొట్టాడు. నన్ను సిలిండర్లలోకి చూడమన్నాడు. చూస్తూ ఉండగా ఒక గోడ మీద చెమట బొట్టు లాంటిది పుట్టింది. జారింది. దాని వెనక ఇంకొకటి. నేను పక్కకు జరిగాను. ఆయనే వంగి చూశాడు. తర్వాత పక్కనున్న రంధ్రంలోంచి వంచిన తీగ పెట్టి, ఆ గోడ వెనక గీకాడు. తీగ చివర, కడిగినా చీలికలో మిగిలిపోయిన ముద్ద, గోరంత, పసుపుపచ్చగా వచ్చింది.

"ఏందన్నా అది?"

"పసుపు." దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఆనాడు రేడియేటర్ కారుతాందంటి గద. రేడియేటర్ మంచిగనే ఉండె. పలిగింది గిది. అప్పటి సంది గీ పసుపే పట్టుకొని ఉన్నది. నా చేతులార నేనే కడిగిచ్చిన."

చీలిక కింద బేరింగు దాకా పాకింది. సిలిండర్ లోపల కొత్త గొట్టం దిగగొట్టినా నిలవదని తేల్చేశాడు. నేను ఇంటికి ఉరికి పసుపు డబ్బా తెచ్చాను.  "అన్నా, ఒక్క పందెం. గది గడిస్తె సాలు. నీ బతుకన్నా, నీ బతుకు!" అని కాళ్లావేళ్లా పడ్డాను.

ఆయన డబ్బా మూత పెట్టి నా చేతిలో పెట్టాడు. "ఆనాడు వెనుక సీట్ల నువ్వున్నవు. పొయ్యకుంటె పోతుంటివి, పోసిన. ఇప్పుడు ముంగట సీట్ల ఆ సారుంటడు. గంత జోరుల ఇంజిన్ పట్టేస్తె బండి బోర్ల పడ్తది. ఇప్పుడు ఎవలికోసం పొయ్యాలె చెల్లె? నా కోసమా?"

ఎస్‌టీడీ బూత్‌కు వెళ్లి నాగపూర్‌కు చెప్పి వచ్చాడు. "ఇంకెవల్నన్న సూసుకుంటరట" అన్నాడు, అంతే. లారీ వచ్చి జీపును ఎక్కించుకుపోయింది. మళ్లీ పిలుపు రాలేదు.

ఉండబట్టలేక ఒకరోజు అనేశాను. "నన్ను ఆ అడవిల్నే వదిలేస్తె అయిపోతుండె. నేను బతికి ఎవలిని ఉద్ధరించిన? పిల్లన్న దక్కకపాయె." నా మీద ఆయన గొంతు లేవడం అదొక్కసారే. "నోరు ముయ్యి! పోసుడు తప్పు గాదు. పోసింది మరిచిపోవుడు తప్పు. గది నాది. నీది గాదు." ఆ తర్వాత సమ్మన్న ఇంజిన్ విప్పలేదు. పంక్చర్లు వేసేవాడు, గాలి కొట్టేవాడు. ఎవరైనా ఇంజిన్ తెస్తే, "నాకు రాదు" అని పంపేసేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నా గుండె తరుక్కుపోయేది. అలాగే అరిగిపోయి, ఒక వానాకాలం జ్వరంతో వెళ్లిపోయాడు.

లీకులు మూసే పొడి ఇప్పుడు ప్యాకెట్లలో వస్తోంది. నేను అరలో వెనక పెడతాను. కుర్ర డ్రైవర్లు వచ్చి, "అక్కా, జర గా పొడియ్యి, జల్ది" అంటారు. "బండిల ఎవలున్నరు?" అని అడుగుతాను. రోగి అంటే, కాన్పు అంటే, మారు మాట్లాడకుండా చేతిలో పెడతాను. పోసిన సంగతి మరిచిపోవద్దని వెంటపడి అరుస్తాను. ఎవరూ లేరంటే ఇవ్వను. పోయి ఇంజిన్ విప్పించి, నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూడమని చెబుతాను.

"ఎవలు విప్పుతరక్కా?" అని అడుగుతారు. తాళం వేసిన షెడ్డు వైపు చూస్తాను.