ఎయిర్ ఫిల్టర్‌లో కొబ్బరి పీచు

అప్పట్లో అమలాపురంలో నాకు మెకానిక్ షెడ్డుండేది. ఓడలరేవు బీచ్ ఇసుకలో జనాన్ని తిప్పే తన నాలుగు చక్రాల మోటారు బండిని ఒక కొబ్బరి రైతుగారు ట్రక్కులో వేసుకొచ్చారు. ఇంజిన్ పొగ కక్కుతోంది, లాగడం లేదు. విప్పితే పిస్టన్ నిండా ఇసుక గీసిన గీతలు. ఇసుక ఎలా దూరిందా అని ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచాను. ఫిల్టర్ బదులు కొబ్బరి పీచు కుక్కి ఉంది!

“పాతది చిరిగిపోయిందండీ. మన పీచే గదాని పెట్టేను.”

“ఇది ఇంజిననుకున్నారా, పరుపనుకున్నారా అండీ?” అని కసిరాను.

సిలిండర్ లోపలి గీతలు పోయేలా బోరింగ్ చేయించి, పిస్టన్, రింగులు, ఫిల్టర్ అన్నీ కొత్తవి వేశాను. బటన్ నొక్కగానే ఇంజిన్ హాయిగా అందుకుంది.

వానలు వెలిశాక ఆయన సర్వీసుకొచ్చారు. డబ్బా తెరిస్తే మళ్ళీ పీచే! నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు.

“ఆయ్, ఈసారి శుభ్రంగా దువ్వి పెట్టేనండీ. కొత్త ఫిల్టర్ ఇసుక పట్టి పాడైపోద్దని బీరువాలో దాచేను.”