సైకిలు మీద వచ్చిన రక్తం

1998 ఏప్రిల్‌లో నన్ను గుంటూరు నుంచి హైదరాబాద్ పాతబస్తీలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రికి, బయోకెమిస్ట్రీ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా బదిలీ చేశారు. నేను చేరేసరికి అక్కడ ఒక పరిశోధన నడుస్తోంది. మా విభాగాధిపతి ప్రొఫెసర్‌గారు ప్రిన్సిపాల్ కుర్చీకి ఒకే ఒక్క పరిశోధన పత్రం దూరంలో ఉన్నారు. ఆ పత్రం కోసం విభాగమంతా చెమటోడుస్తోంది, ఆయన తప్ప.

విషయం: హెపటైటిస్-బి ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోయినవారిలో ఆక్సిడేటివ్ స్ట్రెస్. వైరస్ తిష్ఠ వేసిన కాలేయంలో ఆక్సిజన్ తాలూకు దుడుకు అణువులు పుట్టి కణాల్లోని కొవ్వును పాడుచేస్తాయి. డబ్బాలో నూనె పాతబడి కంపు కొట్టడం లాంటిదే. రక్తం నుంచి వేరుచేసిన సీరంలో రసాయనాలు కలిపి మరిగే నీళ్లలో ఉంచితే గులాబీ రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే స్ట్రెస్ అంత ఎక్కువని లెక్క. ఆ రంగును కొలిచి రాయడం నా పని.

ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. రోగుల గొట్టాలన్నీ ముదురు గులాబీ, ఆరోగ్యవంతులవన్నీ లేత గులాబీ. ఒక్కటంటే ఒక్కటి గీత దాటలేదు. మనుషుల రక్తం ఇంత క్రమశిక్షణగా ఉంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. ప్రొఫెసర్‌గారు టీ తెప్పించారు, తాగాను.

రెండో విడత రక్తం ఇవ్వడానికి రోగులు మళ్లీ రావాలి కదా, అందుకని ఆయన తన సంతకం, ముద్ర వేసి అందరికీ రిపోర్టులు పంచారు. జూన్‌లో ఒక మధ్యాహ్నం అలాంటి కాగితం పట్టుకుని వీరేశం వచ్చాడు. ఉస్మాన్‌గంజ్‌లో ముగ్గురన్నదమ్ముల మిర్చి దుకాణానికి పెద్దవాడు. అతని కాలేయం ప్రస్తుతానికి బాగానే ఉందని, పని మానక్కర్లేదని అతన్ని చూసే మొఘల్‌పురా క్లినిక్ డాక్టరు ఎప్పుడో చెప్పారు.

"గీ నంబర్ జూసి తమ్ముళ్లు నన్ను గద్దె మీద కూసోనిస్తలేరు సార్. రక్తమే ఖరాబైందంటున్రు. ఇంట్ల నా పల్లెం సుత అలగ్ వెట్టిన్రు. ముప్పయ్యేండ్ల సంది నడిపిన దుకాణం. ఇంకోసారి చూడుండ్రి" అన్నాడు.

అక్కడే బల్ల దగ్గర రక్తం తీసి పరీక్ష చేశాను. లేత గులాబీ. నా సొంత రక్తానికి వచ్చిన రంగు కంటే కొద్దిగానే ముదురు.

అప్పుడు గానీ నాకు బుర్ర పనిచేయలేదు. మా "ఆరోగ్యవంతులు" అంటే ల్యాబు సిబ్బందిమే. మా రక్తం తీసిన అరగంటలో సీరం వేరయ్యేది. రోగుల రక్తం మాత్రం ఆ మొఘల్‌పురా క్లినిక్‌లో తీస్తారు. తెచ్చేది అటెండర్ ఖాజా. ఎలా తెస్తావని అడిగాను.

"పదింటికి తీస్తరు సార్. నేను మూడు ఆఫీసులల్ల టపాల్ ఇచ్చుకుంట రెండింటికి వస్త. సంచి హ్యాండిల్‌కే కట్టుకుంట. ఇన్ని దినాలల్ల ఒక్క సీసా పగల్లే."

సీసాలు పగల్లేదు, నిజమే. ఎండకీ కుదుపులకీ లోపలి ఎర్రకణాలు పగిలాయి. పగిలిన కణాల సరుకు సీరంలో కలిస్తే గులాబీ రంగు దానంతటదే ముదురుతుంది. అలా ఎర్రబారిన సీరాన్ని పారబోయాలన్నది మొదటి ఏడాది పాఠం. పారబోస్తే శాంపిళ్లు తగ్గిపోతాయని మేము పారబోయలేదు. ఇందులో ఖాజా తప్పేమీ లేదు. అతనికి ఐసు డబ్బా ఇచ్చినవాడూ లేడు, చెప్పినవాడూ లేడు.

రుజువు కోసం నా రక్తాన్నే రెండు గొట్టాల్లో తీశాను. ఒకటి బల్ల మీదే పరీక్షించాను. రెండోది ఖాజాతో మొఘల్‌పురా, మూడు ఆఫీసులు తిప్పించాను. అది తిరిగొచ్చి ముదురు గులాబీగా తేలింది. రెండు అంకెలూ ప్రొఫెసర్‌గారి ముందు పెట్టాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని రెండో అంకెను చాలాసేపు చూసి, నన్ను ఒకసారి లివర్ చూపించుకోమని సలహా ఇచ్చారు. పత్రం అప్పటికే సదస్సుకు వెళ్లిపోయిందట. ఆ తర్వాత అందులోంచి నా పేరు కూడా వెళ్లిపోయింది. ఆయన ప్రిన్సిపాల్ అయ్యారు.

వీరేశానికి కొత్త రిపోర్టు రాసి, నా హోదా ముద్ర వేసి ఇచ్చాను. వారానికి మళ్లీ వచ్చాడు.

"తమ్ముళ్లు పాత కాయిదాన్ని ల్యామినేషన్ చేయించిన్రు సార్. దాని మీద పెద్ద సారు ముహర్ ఉన్నది, గిది చిన్న సారుదంటున్రు."

ప్రొఫెసర్‌గారు ముద్ర వేసిన ఆ మొదటి అంకె నేను కొలిచిందే, నా చేతిరాతలోదే. పై ఏడాది ఉస్మాన్‌గంజ్ వెళితే వీరేశం తన దుకాణం బయట స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లోపల గద్దె మీద తమ్ముడున్నాడు.

అలాంటి రోగుల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెరుగుతుందన్న మాట అబద్ధం కాదు. జాగ్రత్తగా కొలిచినవాళ్లు చూపించారు. మేము కొలిచింది మాత్రం దాన్ని కాదు. ల్యాబులో ఉన్నంతసేపు తప్పుడు అంకెను కొట్టేయవచ్చు. ముద్ర పడి గడప దాటాక దాన్ని వెనక్కి తెచ్చే అధికారం ఏ హోదాకూ లేదు.