నరసమ్మత్త తిట్ల అట్ట

స్టీలు గ్లాసు మీద కడియం తగిలిన చప్పుడు వినిపిస్తే నేను ఇప్పటికీ మాట ఆపేస్తాను. నిన్న సాల్ట్ లేక్‌లోని మా క్లినిక్ క్యాంటీన్‌లో ఎవరో గ్లాసులు కడుగుతుంటే సరిగ్గా అలాగే టింగుమంది. ఎదురుగా ఉన్న డాక్టరుగారితో ఏదో చెబుతున్నదాన్ని టక్కున నోరు మూసుకుని వెనక్కి తిరిగాను. ఆయనకేం తెలుసు పాపం. వాట్‌గంజ్‌లో ఓడరేవు పక్కన నేను పెరిగిన సందులో ఆ చప్పుడుకు అర్థం ఒకటే: అందరూ ఊరుకోండి, నరసమ్మత్త మాట్లాడబోతోంది.

మాకు రక్తసంబంధం లేదు. ఆవిడ భర్తా మా నాన్నా ఓడరేవు డాకుల్లో పనికని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు, అంతే. అత్త సందు చివర మునిసిపాలిటీ కుళాయి పక్కన పొద్దున్నే పీట వేసుకుని కూర్చునేది. ఎవరి బిందె ముందో, ఎవరిది వెనకో ఆవిడే చెప్పాలి. బెంగాలీ వాళ్లు, బిహారీ వాళ్లు కూడా ఆ మాటకు కట్టుబడేవారు. "ఏటే గుంటా, నీ బిందెకి కాళ్లొచ్చినాయేటి, ముందుకి నడిసొచ్చింది?" అని నన్ను రోజూ పట్టుకునేది. తిట్టు తినకుండా నీళ్లు పట్టుకుపోయినవాళ్లు మా సందులో లేరు. తిట్టకపోతే మాకే ఏదో వెలితిగా ఉండేది.

చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టి పీల్చే అడ్డపొగ అలవాటు ఆవిడకు చిన్నప్పటి నుంచీ ఉంది. చివరికి అంగిలిలో పుండు లేచింది. ఆపరేషన్‌లో అంగిలి, నాలుకలో కొంత తీసేశారు. ప్రాణం దక్కింది గాని, ఇంటికొచ్చాక నోటి నుంచి వచ్చేది మాట కాదు, ఒక మూలుగు. ఆసుపత్రి నర్సు దిది ఒక బొమ్మల అట్ట ఇచ్చింది. అందులో నీళ్లు, అన్నం, మందు, నొప్పి, మరుగుదొడ్డి ఉన్నాయి. వేలితో చూపిస్తే చాలు, అన్నీ అందుతాయంది. అందాయి కూడా. నరసమ్మత్త మాత్రం పీట వైపు వెళ్లడం మానేసి, గోడవైపు తిరిగి పడుకునేది. కడియంతో గ్లాసు మీద కొట్టడం అప్పుడే మొదలుపెట్టింది. కొట్టినప్పుడల్లా కోడలు పరిగెత్తి నీళ్లిచ్చేది. నీళ్లు తాగి తాగి ఆవిడకు విసుగెత్తిపోయింది.

నాకు బొమ్మలు వేయడం కాస్త వచ్చు. అప్పుడు కాలేజీలో చదువుతున్నాను. ఒకరోజు కాగితం తీసుకెళ్లి "ఏ బొమ్మ గియ్యాలత్తా?" అని అడిగాను. చెయ్యి పైకెత్తింది. కొడుతుందేమోనని వెనక్కి జరిగాను. ఆవిడ భుజాలు ఊగిపోయేలా నవ్వి, ఎత్తిన చెయ్యిని, కాగితాన్ని చూపించింది. తిట్టడానికి ఆ చెయ్యే కావాలట. అది గీశాక కుళాయి, పీట, కొడుకు సింహాచలం ముఖం, ఇరుగుపొరుగు ముఖాలు ఒక్కొక్కటే అట్ట వెనకవైపు చేరాయి. మధ్యలో నేను "కుళాయా? బిందా?" అని ఆత్రంగా అడిగితే నా నోటిమీద అరచెయ్యి పెట్టేసేది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆవిడ వేలు ఆగేదాకా కాచుకోవడం అలా అలవాటైంది.

ఇంతలో సింహాచలం ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, తల్లి ముందే మా నాన్నతో అన్నాడు. "అమ్మని ఊరంపెత్తన్నాను మామా. పిన్ని సూసుకుంటాది. ఇక్కడ అమ్మకేటి కావాలో ఎవులికి తెలుస్తాది? టికెట్టు తీసేసినాను."

గ్లాసు టింగుమంది. కోడలు నీళ్లు తెచ్చింది. నరసమ్మత్త ఆ నీళ్లు పక్కకు నెట్టి మళ్లీ కొట్టింది. నేను అట్ట వెనక్కి తిప్పి ఆవిడ ముందు పెట్టాను. సింహాచలం ఏదో అనబోయాడు. "ఉండు బావా, అత్త మాటాడతంది" అన్నాను.

వేలు ముందు అతని ముఖం మీద ఆగింది. తర్వాత ఎత్తిన చెయ్యి మీద. తర్వాత కుళాయి, చివరికి పీట. వేలు పీట మీద నుంచి కదల్లేదు.

"నన్ను కొడతావేటే అమ్మా?" అన్నాడు సింహాచలం. ఆవిడ తల ఊపింది. "పీట ఒదిలి ఎల్లవేటి?" అన్నాడు నెమ్మదిగా. వెళ్లనని తల అడ్డంగా తిప్పింది. అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. "నీళ్లు కావాలా, మందు కావాలా అని అడిగినాను గాని, ఎల్తావా అని నానడగనే లేదు మామా" అని ఏడ్చేశాడు. నాకూ కళ్ల నీళ్లు ఆగలేదు. మర్నాడు టికెట్టు వాపసు చేశాడు.

ఆ మరుసటి పొద్దున నరసమ్మత్త మళ్లీ పీట మీద కూర్చుంది, ఒళ్లో అట్ట పెట్టుకుని. వరస తప్పిన బెంగాలీ ఇల్లాలికి ఎత్తిన చెయ్యి బొమ్మ చూపించింది. ఆ ఇల్లాలు సంబరంగా సందంతా వినబడేలా "మాషీ ఆబార్ బోక్‌ఛే" అంది. అంటే, పిన్ని మళ్లీ తిడుతోందని.

ఆ అట్టే నన్ను ఈ వృత్తిలోకి తెచ్చింది. పక్షవాతం వల్లో, ఆపరేషన్ వల్లో మాట పోయినవాళ్లు ఇప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మీట నొక్కితే మాట పలికే యంత్రాలు కూడా వచ్చాయి. అట్టయినా యంత్రమైనా ఇచ్చేముందు ఇంటివాళ్లను ఒకటి అడుగుతాను, ఈయనకు కోపమొస్తే మిమ్మల్ని ఏమని తిట్టేవారని. మొదట అనుమానంగా చూస్తారు, తర్వాత నవ్వుతూ చెబుతారు. ఆ మాట మొదటి వరసలో పెడతాను.

నరసమ్మత్త పోయాక సింహాచలం ఆ అట్ట నాకే ఇచ్చేశాడు. క్లినిక్‌లో నా బల్ల సొరుగులో ఉంది. ముందువైపు నీళ్లు, అన్నం, మందు ఇంకా కొత్తవాటిలాగే ఉన్నాయి. వెనక్కి తిప్పితే ఎత్తిన చెయ్యి వేలి రాపిడికి సగం చెరిగిపోయింది.