షాహీన్ వెనకాల ఎవరున్నారు

2024 ఎండాకాలం. కరీంనగర్ బస్టాండుకు దగ్గర్లో ఒక సందు, అందులో మెడికల్ షాపు, దాని పైగదిలో నా ఆఫీసు. నా పేరు వనజ, జనం నన్ను టెండర్ మేడమ్ అంటారు. ప్రభుత్వ సంస్థలు బయటివాళ్లకు ఏ పని అప్పగించాలన్నా ముందు ఆన్‌లైన్‌లో నోటిఫికేషన్ వేస్తాయి. దాన్ని చదివి, కావలసిన కాగితాలు పోగుచేయించి, గడువులోపు కంప్యూటర్లో ఎక్కించడం నా పని. నోటిఫికేషన్లు చదవడం పెద్ద కష్టం కాదు. చదివాక కోపం ఆపుకోవడమే కష్టం. ఇన్నేళ్లైనా అది నాకు చేతకాలేదు. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. నిజమే, కొన్నిసార్లు కంద హాయిగానే ఉంటుంది, దురదంతా నాకే.

అప్పటికి బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమై కొన్ని నెలలైంది. బస్సులు కిక్కిరిసి తిరుగుతున్నాయి. కూర్చునేవాళ్లు పెరిగితే సీట్లు ఊరుకుంటాయా? రెక్సిన్ చిరుగుతోంది, లోపలి ఫోమ్ బయటికి వస్తోంది. అందుకని కొన్ని డిపోల సీట్లు కుట్టే పనికి టెండర్ పిలిచారు. అందులో ఒక భాగం మహిళలు నడిపే యూనిట్లకే ఇవ్వాలని రాశారు. మంచి మాటే. ఏ సంస్థ, ఏ డిపో అన్నది చెప్పను. మనుషుల పేర్లు కూడా మార్చే రాస్తున్నాను.

ఆ నోటిఫికేషన్ కాగితం పట్టుకుని ఆదిలాబాద్ నుంచి ఒకామె వచ్చింది. పేరు షాహీన్. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకముందే, “అక్కా, నాకు టెండర్ ఎయ్యాలె. నా పేరు మీద” అంది.

“పేరు సరే. నడిపేది ఎవరు?” అన్నాను.

“నేనే నడుపుత. ఇంకెవరు నడుపుతరు?” ఆమెకు కోపం వచ్చింది.

నేను అలా అడగడానికి కారణం ఉంది. మహిళలకు కేటాయించిన పనుల కోసం నా దగ్గరికి వచ్చే బిడ్లలో చాలావరకు భార్యల పేర్లతో భర్తలు వేసేవే. సంతకం పెట్టడానికి వచ్చిన ఇల్లాలు, ‘గిది ఏం పనికి మేడం?’ అని నన్నే అడిగిన సందర్భాలున్నాయి. ఈ తంతు అందరికీ తెలుసు. ఆఫీసులకూ తెలుసు. దాన్ని అరికట్టడానికి ఈసారి ఒక షరతు పెట్టారు. ప్రొప్రైటర్, అంటే యూనిట్ యజమానురాలు, కమిటీ ముందు స్వయంగా హాజరు కావాలి. యూనిట్‌ను ఆమే నడుపుతోందని కమిటీకి నమ్మకం కలగాలి. ఆ షరతు చదివి నేనే సంతోషపడ్డాను. షాహీన్ లాంటి మనిషి కోసమే రాసినట్టుంది అనుకున్నాను.

ఎందుకంటే ఆ డిపోల సీట్లు అప్పటికే ఏళ్ల తరబడి కుడుతున్నది ఆమే. కాంట్రాక్టు రవీందర్ అనే పెద్దమనిషిది. సీట్లు విప్పించి ఆదిలాబాద్‌లో షాహీన్ రేకుల షెడ్డుకు పంపేవాడు. అక్కడ ఆమె, మరో ఎనిమిది మంది ఆడవాళ్లు కుట్టి పంపేవారు. ఇప్పుడు ఆ రవీందరే మహిళల భాగానికి తన భార్య సుజాత పేరుతో బిడ్ వేస్తున్నాడు. షాహీన్ తను సొంతంగా వేస్తానని చెప్పిన రోజే ఆయన షెడ్డుకు సీట్లు పంపడం ఆపేశాడు. మిషన్లు ఖాళీగా ఉన్నాయి. ఈ టెండర్ రాకపోతే షెడ్డు మూతపడుతుంది. ఆమె నా ముందు కూర్చుని చెప్పింది ఇదే.

బిడ్ వేశాం. ఇలాంటి టెండర్లలో రెండు కవర్లు ఉంటాయి. కవర్లంటే ఇప్పుడు కాగితపువి కావు, కంప్యూటర్లోనే. మొదటిది టెక్నికల్ బిడ్, అంటే మనకు అర్హత ఉందా లేదా అన్నది. అందులో నెగ్గితేనే ధర ఉన్న రెండో కవర్ తెరుస్తారు.

టెక్నికల్ కమిటీ కరీంనగర్‌లోనే కూర్చుంది. నేనూ షాహీన్‌తో వెళ్లాను. ముందు సుజాత గారిని పిలిచారు. వెనకే రవీందర్ కూడా లోపలికి నడిచాడు. తలుపులు తెరిచే ఉన్నాయి కాబట్టి బయట కూర్చున్న మాకు అంతా వినపడింది.

“మేడమ్, మీ యూనిట్ల ఎన్ని మిషన్లున్నయి?” అని కమిటీ పెద్దసారు అడిగాడు.

“ఆరున్నయి సార్” అన్నాడు రవీందర్.

“మనుషులు?”

“పనికి తగ్గట్టు పెడ్తం సార్. మీకు ఎరుకే గదా.”

సుజాత గారు ఒక్క మాట మాట్లాడలేదు. ఆమెను ఎవరూ మాట్లాడమనలేదు కూడా. అంతా అయ్యాక ఆమెతో ఒక సంతకం చేయించి పంపించారు. యజమానురాలు స్వయంగా హాజరైనట్టు లెక్క.

తర్వాత షాహీన్. ఆమె ఎన్ని మిషన్లున్నాయో, ఏ మిషన్ మీద ఎవరు కూర్చుంటారో, పాత ఫోమ్‌లో ఎంత వాడుకోవచ్చో గడగడా చెప్పింది. పెద్దసారు మాత్రం ఆమె వెనకాల తలుపు వైపే చూస్తున్నాడు.

“నీ ఎంబడి ఎవరొచ్చిండ్రు?”

“వనజక్క వచ్చింది సార్.”

“గామె కాదమ్మా. మీ మొగోళ్లు?”

“మా ఆయన ఆటో నడుపుతడు సార్. గిరాకీ టైం, రాలే.”

“మరి నీ తరపున మాట్లాడేది ఎవరు?”

“నేనే మాట్లాడుతున్న గద సార్.”

ఇక నేను ఉండబట్టలేక లోపలికి వెళ్లాను. “సార్, యజమానురాలు స్వయంగా రావాలని రాసింది మీరే. వచ్చింది. చెప్తున్నది. ఇంకేం కావాలె?” అన్నాను.

ఆయన కోప్పడలేదు. నాకు విడమరిచి చెప్పాడు. అదే నా ఒంటికి కారం రాసినట్టయింది. “చూడుండ్రి వనజ మేడమ్. సుజాత మేడమ్ వెనకాల రవీందర్ ఉన్నడు. మాకు తెలుసు. రేపు పని ఆగితే ఎవల్ని పట్టుకోవాల్నో తెలుసు. ఈమె వెనకాల ఎవరున్నరో సమజ్ అయితలేదు. ఎవడో పెద్ద కాంట్రాక్టర్ ఈమెను ముందట వెట్టి ఆడిస్తుండొచ్చు. బినామీలు ఉండొద్దనే గద మేం రూల్ వెట్టింది?”

అంటే ఏమన్నమాట? భర్త పక్కన నిలబడి జవాబులు చెప్తే ఆమె నిజమైన యజమానురాలు. పక్కన ఎవరూ లేకుండా తనే జవాబులు చెప్తే ఆమె బినామీ. అనుమానం పెనుభూతం అంటారు గానీ ఆ భూతం కూడా ఇంత అడ్డదిడ్డంగా ఆలోచించదు. షాహీన్ బిడ్‌ను పక్కన పెట్టి, యూనిట్‌ను చూసి వచ్చాక నిర్ణయిస్తామన్నారు. దీన్ని ఫిజికల్ వెరిఫికేషన్ అంటారు.

సరే, చూడనీ అనుకున్నాను. చూస్తే తెలిసిపోతుంది కదా. ఒక అధికారి ఆదిలాబాద్ వెళ్లాడు. చూడటానికి వస్తున్నారని ఆ రోజు ఎనిమిది మందీ షెడ్డుకు వచ్చి, నమూనా సీట్లు కుడుతూ మిషన్ల మీద ఉన్నారు. షాహీన్ రెక్సిన్ కత్తిరిస్తోంది. అధికారి అదంతా చూసి, షాహీన్ భర్త యూసుఫ్‌ను పిలిపించమన్నాడు. అతను ఆటో ఆపి, వచ్చినాయనకు చాయ్ కూడా తెచ్చి ఇచ్చాడు. తర్వాత జరిగింది షాహీన్ ఫోన్లో చెప్పింది.

“నెలకెన్ని సీట్లు కుడ్తరని అడిగిండు అక్కా. ‘నాకేం తెలుసు సార్, ఆమెనడుగుండ్రి’ అన్నడు ఈయన. రెక్సిన్ ఎక్కడికెల్లి తెస్తరని అడిగిండు. ‘ఆమెనే అడుగుండ్రి, నన్నయితే డీజిల్ రేటు అడుగుండ్రి చెప్త’ అన్నడు. నేను పక్కనే నిలవడ్డ. నన్ను ఒక్క మాట అడగలే.”

నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది. ‘ప్రొప్రైటర్ భర్తకు వ్యాపారం గురించి అవగాహన లేదు. యూనిట్‌ను వాస్తవంగా ఎవరు నిర్వహిస్తున్నదీ స్పష్టత లేదు.’ నేను ఆ రెండు వాక్యాలు చదివి, కుర్చీలోంచి లేచి, ఎవరిని తిట్టాలో తెలియక కింద మెడికల్ షాపాయన్ని తిట్టి వచ్చాను. పాపం, ఆయన మెట్ల మీద అట్టపెట్టెలు పెట్టుకున్నాడు, అంతే.

ఆ సాయంత్రమే అప్పీలు రాయడం మొదలుపెట్టాను. ఇలాంటివి రాస్తుంటే నాకు ఆకలి కూడా వేయదు. షాహీన్‌ను పిలిపించి చదివి వినిపించాను.

“మంచిగుంది అక్కా. ఎన్ని దినాలు వడ్తది?”

“నెలలు పట్టొచ్చు. గని గెలుస్తం.”

“గెలిచినంక కుట్టేటోళ్లు ఉండాలె గద. ఇద్దరు అప్పుడే బీడీలు చుట్టబోయిండ్రు. ఇంకో ఆమె ఊరికి పోత అంటుంది.” ఆ కాగితాలను నావైపు జరిపి, “యూసుఫ్‌ను తోల్కొస్త” అంది.

“ఎందుకు?”

“కూసుండవెడ్త. సార్లకు మొగోడు కనవడాలె గదా. కనవడనీ.”

నాకు మండిపోయింది. “గట్ల జేస్తే నీకు, ఆ సుజాతకు ఫరక్ ఏముంటది?” అన్నాను. ఆ మాట ఆమెకు గట్టిగా తగిలింది. మొహం చిన్నబుచ్చుకుంది. అయినా గొంతు పెంచలేదు.

“ఉంటది అక్కా. ఆమెకు ఈడ సంతకం వెడ్తే పని అయిపోయినట్టు. నాకు సంతకం వెట్టినంక పని మొదలయితది.”

నా కోపం తగ్గలేదు. అయినా అప్పీలు పక్కన పెట్టి, మరోసారి హాజరయ్యే అవకాశం ఇమ్మని కమిటీకి అర్జీ పెట్టించాను.

ఈసారి ముగ్గురం వెళ్లాం. యూసుఫ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా బిక్కుబిక్కుమంటూ ఉన్నాడు. దారంతా షాహీన్ అతనికి మిషన్ల లెక్క, రెక్సిన్ రకాలు చెప్తూనే వచ్చిందట. పెద్దసారు అతన్ని చూడగానే ముఖం విప్పార్చి, “రా యూసుఫ్ భాయ్, కూసో” అన్నాడు. షాహీన్ నిలబడే ఉంది.

“నెలకు ఎన్ని సీట్లు కుట్టగలుగుతరు?”

యూసుఫ్ నోరు తెరిచాడు. నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. భార్య వైపు చూశాడు. ఆమె చెప్పింది. పెద్దసారు తలూపి, “యూసుఫ్ చెప్పిన ప్రకారం” అంటూ పక్కనున్న గుమస్తాతో రాయించాడు. ప్రతి ప్రశ్నకూ ఇదే వరస. ప్రశ్న అతనికి, జవాబు ఆమెది, రాతలో మళ్లీ అతనిదే. నేను గోడ మీద ఫ్యాన్ స్విచ్చులు చూస్తూ నిలబడ్డాను. నోరు తెరిస్తే పని చెడిపోతుందని షాహీన్ ముందే ఒట్టు వేయించుకుంది.

“గిట్ల ముందే తోల్కొస్తే అయిపోతుండె గదా. ఉత్తగ పరేషాన్ అయితిరి” అన్నాడాయన చివర్లో, మా మీద జాలితో.

టెక్నికల్‌లో నెగ్గింది. రెండో కవర్ తెరిస్తే అందరిలోకీ తక్కువ ధర షాహీన్‌దే. పని ఆమెకే వచ్చింది. బయటికి వచ్చాక నేను మిఠాయి కొందామన్నాను. ఆమె వద్దంది.

“సంతోషమే అక్కా. షెడ్డు నిలవడ్డది. గని ఆ సార్ ఒక్కపారి గూడ నా మొఖం చూసి మాట్లాడలే” అని కళ్లు తుడుచుకుంది. పక్కన యూసుఫ్ తనే తప్పు చేసినట్టు తల దించుకున్నాడు. “నాకే సిగ్గయింది అక్కా, ఆడ కూసుంటే” అన్నాడు.

బీడీలకు వెళ్లిన ఇద్దరూ తిరిగి వచ్చారు. పని సాగుతోంది. డిపోవాళ్లకు ఆమె తన నంబరు ఎన్నిసార్లు ఇచ్చినా ఫోన్లు యూసుఫ్‌కే వస్తాయి. అతను ఆటో పక్కకు ఆపి, “మేడమ్‌నడిగి చెప్త సార్” అంటాడట. వెనక కూర్చున్న సవారీలు నవ్వుతారట. నేను మాత్రం నా అప్పీలును ఫిర్యాదుగా మార్చి పైఆఫీసుకు పంపాను. కమిటీ ప్రశ్నలు యజమానురాలినే అడగాలి, జవాబు ఎవరు చెప్తే వాళ్ల పేరునే రాయాలి. నేను అడిగింది ఈ రెండే. జవాబు రాలేదు. మళ్లీ పంపాను.

మొన్న ఖానాపూర్ నుంచి గంగామణి అని ఒకామె వచ్చింది. బస్సులు కడిగే పనికి మహిళల భాగంలో టెండర్ వేస్తుందట. వెంట భర్త. అతను వచ్చినప్పటినుంచి ఆవలిస్తూనే ఉన్నాడు.

“ఈయన గూడ నీతోని పని జేస్తడా?” అని అడిగాను.

“లేదక్కా, ఈయనది వ్యవసాయం. కాయితాలల్ల రాయరు గని మొగన్ని గూడ తోల్కపోవాలె, లేకుంటే వాపస్ పంపుతరు అని షాహీనక్క చెప్పింది.”

నేను అక్కడికక్కడే షాహీన్‌కు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అరిచాను. కష్టపడి గెలిచినదానివి, వెనక వచ్చేవాళ్లకు ఇదేనా నేర్పేది అన్నాను. అటువైపు మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. ఆమె అంతా విని, నింపాదిగా అంది.

“నువ్వు కొట్లాడు అక్కా. విడిచిపెట్టకు. గని నీ కొట్లాట తెగేదాక గంగామణి ఇంట్ల కూసోవాల్నా?”

ఈ కేసు నాకు నేర్పింది ఇదే. రూలులో మహిళ అని రాసినంత మాత్రాన ఆఫీసు కంటికి ఆడమనిషి ఆనదు. ఆనేదాకా ఆమె ఆగదు, ఆగమని చెప్పే హక్కు నాకు లేదు. గంగామణి బిడ్ ఎక్కించాను. ఆమె భర్తకు కమిటీ రోజు ఖాళీ ఉంచుకోమని నా నోటితో నేనే చెప్పాను. వాళ్లు మెట్లు దిగి వెళ్లాక పైఆఫీసుకు మూడోసారి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను.